అడ్డా మీద బొమ్మలు గీస్తున్న. "మార్కులు నీకు, మరి నాకేంది?" అంటున్నరు. ఏం చెప్పాలె?

బొగ్గుముక్క
ఫిబ్రవరి 8, రాత్రి 9:40

నమస్తే అందరికీ. హైదరాబాద్‌ల బీఎఫ్‌ఏ పెయింటింగ్ మూడో సంవత్సరం చదువుతున్న. ఈ సెమిస్టర్ కాంపోజిషన్‌కి నేను తీసుకున్న టాపిక్ "పనికి ముందు". పని చేసేటోళ్ల బొమ్మలు అందరు గీస్తరు. మా సీనియర్ల పోర్ట్‌ఫోలియోల నిండ అవే: చెప్పులు కుట్టేటాయన, ఇస్త్రీ బండి, లాడ్ బజార్ల బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి గాజులు చేసేటామె. నాకేమో పని ఇంక దొరకని మనుషులను గీయాలని ఉండె. అందుకే కూకట్‌పల్లి దిక్కు ఒక లేబర్ అడ్డా పట్టుకున్న. పొద్దుగాల ఏడింటికి పోయి, మూసి ఉన్న షట్టర్ ముంగట మెట్టు మీద కూసుంట.

చూడంగ చూడంగ ఒకటి అర్థమైంది. అడ్డా మీద ఎవని పనిముట్టే వానికి బోర్డు. పెయింటర్ రోలర్ కర్రను నిటారుగ పట్టుకుంటడు, దూరంకెళ్లి కనవడాలని. టైల్స్ ఆయన సంచిలకెళ్లి రబ్బరు సుత్తి పిడి కావాలనే బయటికి పెడ్తడు. తాపీ మేస్త్రీ రసమట్టం చంకల పెట్టుకుంటడు. ఏ సామాను లేనోళ్లు, ఎక్కువ ఆడోళ్లు, టిఫిన్ డబ్బా పట్టుకొని వెనక వరుసల ఉంటరు. బండి స్లో అయితే చాలు, అందరు ఒక్కసారి లేస్తరు. ఆ లేచుడే నాకు కావాలె. 6బీ పెన్సిల్‌తోని ఎంత ఉరికినా చెయ్యి అందుకుంటలేదు.

ఇగ అసలు ముచ్చట. పాలమూరు దిక్కు టైల్స్ మేస్త్రీ ఒకాయన నా షీట్ చూసి "మంచిగనే దించినవ్ బిడ్డా, దీనికి ఎన్ని మార్కులేస్తరు?" అన్నడు. చెప్పిన. "మార్కులు నీకు. సరే. మొకం నాది గదా, మరి నాకేంది?" నవ్వుకుంటనే అన్నడు గాని పక్కనున్నోళ్లందరు నా మొకం దిక్కు చూసిన్రు. షీట్ ఇద్దామంటే జ్యూరీకి, అంటే మార్కులేసేటోళ్లకు, ఒరిజినల్ స్కెచ్‌లే పెట్టాలె. ఫోన్ల ఫొటో తీసి పంపుత అంటే "ఫోన్ల ఫొటోలు నాకు శాన ఉన్నయ్" అన్నడు.

పైసలియ్యాల్నా? చాయ్ తాగిస్తే సరిపోతదా? ముందుగాల అడిగి గీయాల్నా? బయట కూసొని గీసినోళ్లు చెప్పున్రి.


వారాంతపుగీతలు
ఫిబ్రవరి 8, రాత్రి 10:15

మేము కొంతమంది ఉద్యోగస్తులం ఆదివారాలు గుంపుగా వెళ్లి గీస్తుంటాం, అర్బన్ స్కెచర్స్ పద్ధతిలో. 2007లో సియాటెల్‌లో ఒక పత్రికా చిత్రకారుడు మొదలుపెట్టిన వ్యవహారం అది. వాళ్ల నియమావళిలో మొట్టమొదటిదే ఎదురుగా చూసి గీయాలని. బొమ్మలో పడ్డవాళ్లకి ఏమివ్వాలన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు :)

ముందుగా అడగటం గురించి: అడిగారా, అయిపోయింది. వెంటనే జుట్టు సర్దుకుని, కాలర్ సరిచేసుకుని పాస్‌పోర్టు ఫొటో మొహం పెడతారు. మీకు కావలసిన ఆ లేచే భంగిమ ఇక దొరకదు. ముందు గీసేసి, తర్వాత చూపించండి. వద్దంటే ఆ పేజీ వాడకండి. నేను చేసేది ఇదే.

మనుషుల కన్నా బిల్డింగులతోనే నాకు ఎక్కువ గొడవ. మోజంజాహీ మార్కెట్ 1935 నాటి రాతికట్టడం, దాన్ని గీసేవాళ్లు రోజూ వస్తారు కాబట్టి అక్కడ ఎవరూ పట్టించుకోరు. అక్కడి నుంచి బేగంబజార్ సందులోకి వెళ్లి ఒక పాత బాల్కనీ గీస్తుంటే, కింద ఇత్తడి సామాన్ల షాపాయన గల్లాపెట్టె వదిలేసి వచ్చాడు. "సార్, రోడ్డు వెడల్పు ఎన్ని అడుగులంట?" పెన్సిల్ కంటికి అడ్డంగా పట్టుకుని కొలత తీసుకుంటాం కదా, అది చూసి సర్వే అనుకున్నాడు. కాదని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నమ్మాక మాత్రం "అయితే మా బోర్డు కూడా వెయ్యండి, ఫోన్ నంబర్ సరిగ్గా పడాలి" అన్నాడు.


హార్బర్‌పిల్ల
ఫిబ్రవరి 8, రాత్రి 11:02

నాది విశాఖ, ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరం. మా ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే వేలం మొదలైపోతుంది. ఐసు పెట్టెల మధ్య నిలబడి గీయాలి, షీటు మీద నీళ్లు పడతాయి, వాటర్‌కలర్ దానంతటదే అయిపోతుంది. నేను రేట్లు రాసుకుంటున్నా అనుకుని ఒకావిడ "ఏటమ్మా, ఏటి రాత్తన్నావు? ఎవలికి సెప్తావు?" అని పుస్తకం లాక్కుంది. చూసింది. "నన్నింత నల్లగా గీసినావేటి?" అంది. చార్‌కోల్ పిన్నీ, నల్లగా కాక ఏటొస్తాది అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మర్నాడు పసుపు రంగు చీర వేసి, ముక్కుపుడక పెట్టి, ఇంకో బొమ్మ గీసి ఇచ్చాక గానీ నన్ను గట్టు మీద కూర్చోనివ్వలేదు. ఆ రెండో బొమ్మ బొమ్మగా ఏం బాగోదు. కానీ ఆవిడ ఐసు పెట్టె మూత లోపల అతికించుకుంది.

కాబట్టి నా సలహా: ఒక్కొక్కరికి రెండు గీయండి. మీ బొమ్మ ఒకటి, వాళ్ల బొమ్మ ఒకటి. అవి రెండూ ఒకటి కావు.

నేవీ గేట్ల వైపు మాత్రం పుస్తకం బయటికి కూడా తియ్యను.


తట్టాపార
ఫిబ్రవరి 9, ఉదయం 6:50

మా నాయిన చాలా ఏళ్లు అడ్డా మీద నిలబడ్డోడే. వేరే అడ్డా లెండి. నేను ఇప్పుడు బ్యాంకుల చేస్తున్న. ఒక్క మాట చెప్పాలని లాగిన్ అయిన.

పది దాటినంక గీయకు చెల్లె. పది దాకా అక్కడ ఉన్నోడు ఎవడైనా పనోడే. పది దాటినంక ఇంక నిలబడ్డోడంటే, వానికి ఆ రోజు పని లేదని రోడ్డు మీద పోయేటోళ్లందరికి తెలుస్తది. మా నాయిన ఆ టైముల తెలిసినోళ్లు ఎవరన్న కనబడితే గోడ దిక్కు తిరిగి బీడీ ముట్టించుకునేటోడు. ఇంటికి రాకుండ మధ్యాహ్నం దాకా ఎక్కడో కూసొని వస్తుండె.

పైసలు ఇయ్యకు. ఒకనికి ఇస్తే రేపు అందరు నీ ముంగట నిలబడ్తరు. అది కాదు కష్టం. నీకోసం కూసున్న టైముల బండొచ్చి పోతే ఆ రోజు కూలి మొత్తం పాయె. నువ్విచ్చే యాభైకి అది వస్తదా?


బరోడాలో_బతికినకాలం
ఫిబ్రవరి 9, ఉదయం 11:20

తట్టాపార గారి మాటకి ఎదురు చెప్పాలంటే కొంచెం వెనకాడుతున్నాను, అయినా చెప్తాను. పది దాటాక గోడవైపు తిరిగిన ఆ మనిషే అసలు సబ్జెక్టు. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిడ్నపూర్ ఊళ్లలో నడిచి గీసినవి చూడండి. మర్యాద కోసం పక్కకి చూసుంటే మనకి ఆ బొమ్మలు ఉండేవి కావు. ఆ బొమ్మలతో వచ్చిన పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ వాళ్లు జప్తు చేసి తగలబెట్టారంటే ఊరికే కాదు కదా. ఇంకో సంగతి, ఆయన చాలా బొమ్మల కింద ఆ మనిషి పేరు, ఊరు రాసేవాడు. "కరువు బాధితుడు" అని రాసి ఊరుకోలేదు.

ఇక డబ్బు విషయం. కాలేజీలో లైఫ్ స్టడీకి కూర్చునే మోడల్‌కి రోజు లెక్కన ఇస్తారు, అవునా? అది ఎవరికీ తప్పుగా అనిపించదు. గేటు దాటి రోడ్డు మీదకి రాగానే మొహం ఉచితం ఎలా అవుతుంది? మీ మేస్త్రీ అడిగింది చాలా సరైన ప్రశ్న. నేను చదివే రోజుల్లో మమ్మల్ని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.


తట్టాపార
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:35

సార్, కరువుల బొమ్మ గీసినాయన లోకానికి ఒక వార్త చెప్పిండు. అడ్డా మీద పని దొరకని సంగతి ఎవరికి తెల్వదు? ఈ బొమ్మ గ్యాలరీల పెడితే మా నాయినను గుర్తువట్టేది కొనేటోడు కాదు, మా పక్కింటాయన. గంతే నేను చెప్పేది.


గోదారిమాస్టారు
ఫిబ్రవరి 9, సాయంత్రం 5:10

అమ్మాయీ, చర్చ బాగుంది. నేను రాజమండ్రిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇక్కడ దామెర్ల రామారావు గారి గ్యాలరీ ఉంది, వీలైతే వచ్చి చూడు. 1925లో, ముప్పై కూడా నిండకుండానే పోయిన మనిషి. ఆయన పెద్ద బొమ్మలకి అందరూ దణ్ణాలు పెడతారు గానీ, నేను పిల్లలకి స్కెచ్చులు చూడమని చెప్పేవాణ్ణి. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర చేయి పట్టుకుని నడిపించి, బొంబాయి జేజే స్కూలుకి పంపించాడు. ఆ రోజుల్లో మా వాళ్లు...


నిర్వాహకులు
ఫిబ్రవరి 9, సాయంత్రం 5:32

మాస్టారూ, దామెర్ల గారి మీద విడిగా ఒక చర్చ తెరవండి, అందరం వస్తాం. ఇక్కడ అడ్డా సంగతి తేలనివ్వండి.


ఫ్లెక్స్‌కు_ముందు
ఫిబ్రవరి 9, రాత్రి 8:45

మాది బెజవాడ. నేను సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. గోడలు, షట్టర్లు, లారీల వెనక పలకలు, సినిమా హాళ్ల బ్యానర్లు, అన్నీ. ఫ్లెక్స్ వచ్చాక బ్రష్షు మూల పెట్టి నేనూ ఒక ప్రింటింగ్ షాపు పెట్టుకున్నా. కడుపు కదా.

మీరంతా మొహం గురించి మాట్లాడుతున్నారు. ఆ మేస్త్రీ అడిగింది మొహం గురించి కాదేమో అని నాకు అనుమానం. పనోడు "నాకేంటి" అంటే తనకి అక్కరకొచ్చేది అడుగుతున్నాడని. నేను సోడా బండికి తెల్లరంగు మీద ఎర్ర అక్షరాలు రాసి నల్ల షేడ్ ఇస్తే, వాడు అక్షరాల అందం చూసుకోలేదు. సాయంత్రానికి ఎన్ని సీసాలు ఎక్కువ అమ్ముడయ్యాయో చెప్పాడు. మళ్లీ వెళ్లి సూటిగా అడుగమ్మా, ఏం కావాలి అన్నా అని.


బరోడాలో_బతికినకాలం
ఫిబ్రవరి 9, రాత్రి 9:30

ఇది బాగుంది. అడగటంతో పాటు ఇంకొకటి. ఒరిజినల్ ఇవ్వలేనంటున్నారు కదా, ప్రింట్ చెయ్యండి. లినోకట్ అయితే, అంటే లినోలియం పలక మీద బొమ్మ చెక్కి ఇంకు పూసి అచ్చు తీయటం, ప్రెస్ కూడా అక్కర్లేదు. ఒక్క బ్లాకుతో జ్యూరీకి ఒకటి, అడ్డాకి పది. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారు హైదరాబాదులో చదివి బరోడా వెళ్లి కేజీ సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. మెదక్ పల్లెటూరి మనుషులు, మేకలు ఎచింగ్ ప్లేటు (అచ్చు తీసే లోహపు రేకు) మీదకి వచ్చింది ఆ దారిలోనే. కాన్వాస్ ఒక ఇంటికే పోతుంది, ప్రింట్ పది ఇళ్లకి పోతుంది.


బొగ్గుముక్క
ఫిబ్రవరి 23, రాత్రి 10:05

అందరికీ థ్యాంక్స్. పని నడుస్తున్నది. ఒక్కొక్కటి చెప్త.

తట్టాపార అన్నా, పదింటికి పుస్తకం మూస్తున్న. బరోడా సార్ మాట తప్పని కాదు, గాని ఆ పొద్దు బొమ్మ గీసేంత చనువు నాకు అక్కడ ఇంక రాలేదు.

మేస్త్రీని అడిగిన. ఆయన ఆలోచించనే లేదు, ముందే అనుకొని పెట్టుకున్నట్టు చెప్పిండు: "నా బొమ్మ ఏసి, కింద టైల్స్, మార్బుల్, గ్రానైట్ అని రాసి, నా నంబర్ ఎయ్. అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్‌లకు ఇస్త." అంటే విజిటింగ్ కార్డు! ఫ్లెక్స్ అంకుల్, మీరు చెప్పిందే నిజమైంది.

లినో కోసిన. మొదలు గట్టిగుండె, బ్లేడు జారి గీత పాడైంది, ఎండల పెడితే మెత్తబడ్డది. వీ గోజ్‌తోని (వీ ఆకారం మొన ఉన్న చిన్న ఉలి) మొకం గీతలు, యూ గోజ్‌తోని వెనక ఖాళీ తీసిన. గాజు పలక మీద ఇంకు రోలర్‌తోని తిప్పుతుంటే మొదలు చప్పుడు రాదు, పొర పలచగైనంక చిటచిట అని సన్నగ వినబడ్తది, అప్పుడే బ్లాక్‌కు పట్టియ్యాలె. ప్రెస్ ఖాళీ లేకుండె, కాగితం వెనక స్టీల్ చెంచాతోని రుద్దిన. రబ్బరు సుత్తి పట్టిన చెయ్యి నల్లగ గట్టిగ పడ్డది. అక్షరాలు మాత్రం ఆగమైనయ్. అద్దంల చూసినట్టు తిప్పి కోయాలె గదా, "టై" దగ్గరనే చెయ్యి ఆగిపోయింది.

ఇంకోటి. మా క్లాసుల ఒక సార్ చూసి "ప్రింట్ బాగుంది, కింద అడ్వర్టైజ్‌మెంట్ తీసెయ్" అన్నడు. తీసేస్తే అది మేస్త్రీకి పనికి రాదు. ఉంచితే జ్యూరీల ఏమంటరో తెల్వది.


వారాంతపుగీతలు
ఫిబ్రవరి 23, రాత్రి 10:40

రెండు రకాలుగా ప్రింట్ చెయ్యొచ్చుగా? అక్షరాలకి వేరే బ్లాక్ పెట్టుకుని, జ్యూరీకి లేకుండా, ఆయనకి ఉన్నట్టు.


బొగ్గుముక్క
ఫిబ్రవరి 23, రాత్రి 10:52

చెయ్యొచ్చు. గాని రెండు రకాలు చేస్తే నేను జ్యూరీకి అబద్ధం చూపిచ్చినట్టు అనిపిస్తది. ఆయనకు ఏది ఇచ్చిన్నో అదే పెట్టాలని ఉంది.


బరోడాలో_బతికినకాలం
ఫిబ్రవరి 24, ఉదయం 9:15

పెట్టండి, ధైర్యంగా పెట్టండి. 1894లో రవివర్మ బొంబాయిలో లితో ప్రెస్ పెట్టాక ఆయన దేవుళ్ల బొమ్మలు కంపెనీల ప్రకటనల్లోకి ఎక్కినా ఎవరి పూజకీ లోటు రాలేదు. బరోడా చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్ అయితే ఏకంగా దుకాణాలనే వేశాడు. అకౌంటెంటు ఉద్యోగం చేసుకుంటూ 1972లో "డీలక్స్ టైలర్స్", "జనతా వాచ్ రిపేరింగ్" గీశాడు. బోర్డుతో సహా షాపు, షాపుతో సహా మనిషి. మీ సార్‌కి ఈ రెండూ చూపించి అప్పుడు అడ్వర్టైజ్‌మెంట్ ఎక్కడ మొదలైందో చెప్పమనండి. కొంచెం మర్యాదగానే అడగండి, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

ఒక తేడా కూడా చెప్పాలి. ఖఖ్ఖర్ టైలర్‌కి ఆ కాన్వాస్ వల్ల కస్టమర్లు రాలేదు. మీ మేస్త్రీకి రావచ్చు. ఆ మేరకు మీ పని వేరే.


ఫ్లెక్స్‌కు_ముందు
ఫిబ్రవరి 24, రాత్రి 9:20

తిరగరాత గురించి భయపడకమ్మా. మేము షాపుల గాజు తలుపులకి లోపలి వైపు నుంచి రాసేవాళ్లం, వాన పడినా, తుడిచినా చెరగకూడదని. అంతా తిరగేసే రాయాలి. వరస కూడా తలకిందులే: ముందు అక్షరం, దాని మీద షేడ్, ఆఖర్న గ్రౌండు, అంటే వెనక రంగు. అలవాటైపోతే సుల్తానా రాయటం కష్టమైపోయేది.

నువ్వు ఇలా చెయ్యి. ట్రేసింగ్ పేపరు మీద సరిగ్గా రాసుకో. లావుగా, బ్రష్షు రాతలా. సన్న గీతలు వద్దు, లినోలో విరుగుతాయి. పేపరు తిరగేసి కార్బన్ పెట్టి దింపేసుకో. తలకట్లు అన్నీ ఒకే ఎత్తులో రావాలంటే పైన ఒక దారం గీత కొట్టుకో. గుడి, కొమ్ము కొంచెం పెద్దవి చెయ్యి, లోపలి ఖాళీలో ఇంకు నిండిపోతుంది. అంకెలు ఆఖర్న కొయ్యి, నంబరు ఆయనతో రెండుసార్లు చదివించుకుని మరీ కొయ్యి. అక్షరం తేడా వస్తే చదువుకుంటారు, అంకె తేడా వస్తే ఫోను ఇంకొకడికి పోతుంది.


హార్బర్‌పిల్ల
ఫిబ్రవరి 24, రాత్రి 9:48

అంకుల్, "సుల్తానా" అంటే తిన్నగా అనా? భలే ఉంది. మా హార్బర్‌లో బోట్ల మీద పేర్లు ఇంకా బ్రష్షుతోనే రాస్తారు, మీరు రావాలి ఇటు.


బొగ్గుముక్క
మార్చి 2, మధ్యాహ్నం 2:30

ప్రింట్లు ఇచ్చేసిన. మేస్త్రీ ఒకటి చేతిల పట్టుకొని ముందు నంబర్ చదువుకున్నడు, తర్వాత బొమ్మ చూసిండు. "మీసం జర ఎక్కువ పెట్టినవ్" అన్నడు. లామినేషన్ చేపిస్త అని మొత్తం సంచిల పెట్టుకున్నడు. ఇంకు ఆరలేదు అన్నా ఇనలేదు.

ఇప్పుడు పెయింటర్లు ఇద్దరు, సెంట్రింగ్ ఆయన ఒకడు వరుసల ఉన్నరు, మాకెప్పుడు అని. అది సరే. వెనక వరుసల టిఫిన్ డబ్బాతోని నిలబడే అక్క ఒకామె వచ్చి "నాక్కూడ ఎయ్" అన్నది. "నీ చేతిల ఏం పెట్టాలె అక్కా, కింద ఏం రాయాలె?" అన్న. "ఏం లేదు గదనే నా తాన. ఏ పనైన చేస్త అని రాయ్" అన్నది. నాకు చెయ్యి పోతలేదు. గమేళ పెడ్దామంటే అది ఆమెది కాదు, ఓనర్లు ఇస్తరు. తట్టాపార అన్నా, నువ్వైతే ఏం రాస్తవు?


తట్టాపార
మార్చి 2, సాయంత్రం 6:05

"ఏ పనైన" అని మాత్రం రాయకు. అది చదివినోడు ముందు రేటు తగ్గిస్తడు. ఆమెను ఏమేం చేస్తవని అడుగు. మాల్ (సిమెంటు, ఇసుక) కలుపుడు వచ్చంటే అదే రాయ్, పాళ్లు తెలిసి కలిపేటోళ్లకు మేస్త్రీలు మళ్లీ మళ్లీ పిలుస్తరు. ఇటుక మోత, స్లాబు రోజు పని, ఇల్లు కట్టినంక కడుగుడు, ఇవన్ని వేరే వేరే పనులు. మా అమ్మ క్యూరింగ్‌కు పోతుండె, గోడలకు నీళ్లు కొట్టుడు. దానికి మనిషి నమ్మకస్తురాలై ఉండాలె, పొద్దున సాయంత్రం ఎవరు చూడకున్నా కొట్టాలె. చేతిల ఏం పెట్టాలంటవా, నీళ్ల పైపు పెట్టొచ్చు. అడిగి పెట్టు.


ఫ్లెక్స్‌కు_ముందు
మార్చి 2, రాత్రి 8:15

పనులు నాలుగుంటే ఒకే వరసలో ఇరికించకు. రెండు వరసలు చెయ్యి, నంబరు కింద విడిగా పెద్దగా. ఆవిడకి సొంత ఫోను ఉందో లేదో కనుక్కో ముందు. ఇంట్లోవాళ్ల నంబరైతే ఎవరిదో అడిగి, వాళ్లు ఎత్తే టైము కూడా వెయ్యి. ట్రేసింగ్ రాసి ఫొటో పెట్టు ఇక్కడ, కొయ్యకముందు నేను ఒకసారి చూస్తా.